బావ నోటికి బదులు బావమరిది నోరు

2023 జూన్. ఆమదాలవలస స్టేషన్ నుంచి బజారుకి వెళ్లే దారిలో, ఒక మందుల షాపు పక్క గదిలో మా శాంపిల్ కలెక్షన్ సెంటర్. అప్పటికి నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరి పంతొమ్మిదేళ్లు. రక్తం, మూత్రం, కఫం ఏదైనా సరే సీసాలో పట్టి, పేరు రాసి, విశాఖపట్నం పంపడం నా పని. షుగర్ పరీక్షకి పరగడుపున రమ్మంటే "టీ ఒక్కటే తాగినాను, అది తిండి కాదు కదమ్మా" అనేవాళ్లతో అన్నేళ్లు వేగాక, ఇక నన్ను ఎవరూ బోల్తా కొట్టించలేరని నాకో పొగరు ఉండేది. ఆ పొగరు దిగిన కేసు ఇది.

ఒక సోమవారం పొద్దున్నే సంతోష్, దివ్య అనే ఇద్దరు పిల్లలు వచ్చారు. శ్రీముఖలింగం దాటాక వంశధార ఒడ్డున ఉన్న ఒక ఊరు వాళ్లది. ఇద్దరూ విజయనగరంలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. టేబుల్ మీద ఒక అట్టపెట్టె పెట్టారు. అది ఇంట్లోనే చేసుకునే డీఎన్ఏ కిట్. తమ వంశం పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలనే సరదా ఉన్నవాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు.

"ఇంట్లో చేసుకునేదాన్ని ఇక్కడికెందుకు తెచ్చారమ్మా?" అన్నాను.

"మా పెద్దోళ్లు తెల్లకోటు ఏసుకున్నోళ్లు చేస్తేనే నమ్ముతారు మేడమ్," అంది దివ్య.

నా కోటు ఆ రోజు ఇంట్లో తీగ మీద ఆరుతోంది. ఆ సంగతి నేను చెప్పలేదు.

విషయం ఏమిటంటే, ఇద్దరూ పెళ్లి చేసుకోవాలనుకున్నారు. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే. ఆ ఇంటిపేరు ఇక్కడ రాయను, రాస్తే సగం ఊరు నా సెంటర్ ముందు నిలబడుతుంది. మా వైపు ఇంటిపేరు ఒకటైతే ఎంత దూరమైనా అన్నాచెల్లెళ్లే. మేనమామ కొడుకైతే ఎంత దగ్గరైనా బావే. మేనరికాలు వద్దని డాక్టర్లు మొత్తుకున్నా ఈ లెక్క మాత్రం మారలేదు. అందుకని వీళ్ల పెళ్లి మాట ఎత్తగానే రెండిళ్లలోనూ తలుపులు మూసుకున్నాయి.

అయితే దివ్య నానమ్మ నారాయణమ్మ మాత్రం ఒక కొత్త మాట అంది. సంతోష్ వాళ్ల ముత్తాత అసలు ఆ వంశం వాడు కాదట. నది అవతలి నుంచి ఆ ఇంటికి ఇల్లరికం వచ్చినవాడట. ఊరంతా అత్తారింటి పేరుతోనే పిలిస్తే, పొలం కాగితాల్లోనూ అదే పేరు ఎక్కిపోయిందట. అదే నిజమైతే వీళ్లిద్దరూ అన్నాచెల్లెళ్లు కారు, పెళ్లికి అడ్డం లేదు. కానీ ఆ మాట విని సంతోష్ తండ్రి సింహాచలం గారు అగ్గి మీద గుగ్గిలమయ్యారు. ఆ ఊళ్లో అమ్మవారి పండగకి మొదటి ఘటం, అంటే అమ్మవారి పేరున నెత్తిన మోసే కుండ, వాళ్ల ఇంటి నుంచే లేస్తుంది. అలాంటి ఇంటిని పట్టుకుని ఇల్లరికపోడి సంతతి అంటారా అని ఆయన బాధ.

నేను పిల్లలకి పద్ధతి చెప్పాను. వై క్రోమోజోమ్ అని మగవాళ్లలో ఒకటుంటుంది. తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి దాదాపు మార్పు లేకుండా దిగుతుంది. ఇద్దరు తండ్రుల బుగ్గల లోపల స్వాబ్‌తో, అంటే పొడుగాటి దూదిపుల్లతో, రుద్ది పంపితే ఇద్దరిదీ ఒకే మగ వంశమో కాదో తెలుస్తుంది. ఇలాంటి పరీక్షల్లో అడగని సంగతులు కూడా బయటపడతాయనీ, తర్వాత నన్ను తిట్టొద్దనీ ముందే హెచ్చరించాను. ఇద్దరూ బుద్ధిగా తలలూపారు.

మర్నాడు సింహాచలం గారు కొడుకుని వెంటబెట్టుకుని వచ్చారు. ఇస్త్రీ పంచె, భుజం మీద జరీ కండువా. దూదిపుల్ల పెట్టించుకోవడానికి అంత ముస్తాబైన మనిషిని నేను చూడలేదు.

"ఏమీ తినలేదు కదండీ?"

"తిన్నేదు, తాగనేదు, సుట్ట ముట్టనేదు. నువ్వు గట్టిగా రుద్దమ్మా. అసలు రక్తం లోపలుంటాది."

పుల్లని కవర్లో పెడుతుంటే ఆయన గొంతు తగ్గించారు. "అమ్మా, మేం ఒకటే వంశం అని వస్తే నా మాట నెగ్గుతాది. కాదని వస్తే మా గుంటడికి పెళ్లవుతాది. అంతే కదా?"

"అంతేనండీ. మీకేది రావాలని ఉంది?"

ఆయన కండువా సర్దుకున్నారు. "రెండూ రావేటి?"

మరో రెండు రోజులకి దివ్య తండ్రి ఆదినారాయణ గారు వస్తారని దివ్య ఫోన్ చేసి చెప్పింది. మధ్యాహ్నం ఒకాయన వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. "ఆదినారాయణ గారేనా?" అన్నాను. "ఆఁ, కానీండి," అన్నాడు. పుల్ల నోట్లో ఉన్నంతసేపూ మాట్లాడుతూనే ఉన్నాడు. వెళ్తూ వెళ్తూ పైకి చూసి, "ఈ ఫేను కెపాసిటర్ పోనాది మేడమ్మా, బేగి మార్పించండి," అని సలహా ఇచ్చాడు. రైతుకి ఇన్ని విషయాలు తెలుసా అని ముచ్చటపడ్డాను తప్ప అనుమానపడలేదు.

ఐదు వారాలకి రిపోర్టు సంతోష్ ఈమెయిల్‌కి వచ్చింది. వాళ్లు చూసేది మార్కర్లు, అంటే ఆ క్రోమోజోమ్ మీద పోల్చుకోవడానికి ఎంచుకున్న కొన్ని గుర్తులు. అవి ఒక్కటి తప్ప అన్నీ కలిశాయి. రెండు శాంపిళ్లూ ఒకే మగ వంశానివి, కొద్ది తరాల వెనక ఇద్దరికీ ఒకే మూలపురుషుడు ఉండొచ్చు అని రాశారు. సింహాచలం గారితో సహా సెంటర్‌కి వచ్చిన ముగ్గురికీ రెండుసార్లు చదివి చెప్పాను. దివ్య నా టేబుల్ మీద తల వాల్చి ఏడ్చింది. సంతోష్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

సింహాచలం గారు మాత్రం లేచి కండువా దులిపారు. "సెప్పానా? మేం అసలు సిసలు! ఇల్లరికం అన్న నోళ్లన్నీ..." అంటూ కొడుకు వీపు చూశారు. కండువా మళ్లీ భుజాన వేసుకోవడం కూడా మరిచిపోయి బయటికి వెళ్లిపోయారు. గెలిచి అంత దిగులుగా వెళ్లిన మనిషిని చూస్తే నాకు జాలేసింది.

మర్నాడు నారాయణమ్మ గారు మనవరాలితో ఆటోలో దిగారు. ఎనభై దాటిన మనిషి. మా వైపు ముసలమ్మల అలవాటు ప్రకారం అడ్డపొగ తాగుతున్నారు, అంటే చుట్ట వెలిగించిన కొస నోటి లోపల ఉంది. లోపల చుట్ట కాల్చకూడదన్నాను.

"నిప్పు నా నోట్లో ఉన్నాదమ్మా, నీ గదికి ఏటవుతాది?" అని, వెంటనే "మా అబ్బి నీ కాడికి ఏ రోజు వచ్చినాడు?" అని అడిగారు.

రిజిస్టర్ చూసి గురువారం అని తేదీ చెప్పాను.

"గురువారం కాలవకి నీరు ఒగ్గినారు. మా అబ్బి పొద్దుట్నించి పొద్దుగూకే దాకా మడిలో ఉన్నాడు. నానే అన్నం అట్టుకెల్లినాను. మరి నీకు నోరిచ్చినోడు ఎవుడు?"

నేను పైనున్న ఫ్యాన్ వైపు చూశాను. "ఆయన... ఫ్యాన్ కెపాసిటర్ పోయిందని చెప్పారండీ."

దివ్య నుదురు కొట్టుకుంది. "పైడిరాజు మావయ్య!"

పైడిరాజు దివ్య తల్లికి తమ్ముడు, అంటే ఆదినారాయణ గారి బావమరిది. పక్క మండలంలో బోరు మోటార్ల మెకానిక్. ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"మీరెందుకు వచ్చారండీ ఆయన బదులు?"

"బావకి నీటి వంతు వచ్చినాది మేడమ్మా. నువ్వు ఖాళీగానే ఉన్నావు కదా, నువ్వెల్లు అన్నాడు. ఒక ఇంటోళ్లం. ఒకే కంచంలో తిన్నోళ్లం. బావ నోరయితే ఏటి, నా నోరయితే ఏటి?"

నవ్వొచ్చింది, నా మీద నాకు కోపమూ వచ్చింది. మొదటి తప్పు నాదే. మా వృత్తిలో అఆల్లాంటి నియమం ఒకటుంది. "మీరు ఫలానాయేనా" అని అడగకూడదు, "మీ పేరేమిటి" అని అడగాలి. ఎవరి పేరు వాళ్ల నోటినుంచే రావాలి. కొత్తగా చేరిన వాళ్లకి ఆ పాఠం చెప్పేదాన్ని నేనే.

ఈసారి నేనే ఆ ఊరు వెళ్లి, ఆధార్ కార్డు చూసి, ఆదినారాయణ గారి బుగ్గలో స్వాబ్ తీశాను. ఖర్చు నేనే పెట్టుకున్నాను. రిపోర్టు మళ్లీ ఐదు వారాలకి వచ్చింది. ఈయనదీ సింహాచలం గారిదీ ఎక్కడా కలవలేదు.

అది చెప్పడానికి రెండు కుటుంబాలూ నారాయణమ్మ గారి అరుగు మీద చేరాయి. నేను మెల్లగా విప్పాను. సింహాచలం గారు ఈ ఇంటిపేరు వాళ్ల మగ వంశం కాదు. మొదటి రిపోర్టులో ఆయనతో కలిసిన శాంపిల్ పైడిరాజుది కాబట్టి, ఆయనది పైడిరాజు వంశం. అంటే ముత్తాత ఇల్లరికం వచ్చింది పైడిరాజు వాళ్ల ఇంటి నుంచే.

"అవును, మా తాత అన్నొకడు నది దాటి ఇల్లరికం ఎల్లినాడని మా అయ్య అంటుండేవాడు," అన్నాడు పైడిరాజు తాపీగా.

"ఆ మాట ముందే సెప్పొచ్చు కదరా!" అని ఆదినారాయణ గారు అరిచారు.

"నన్నెవులు అడిగినారు? నోరు తెరమన్నారు, తెరిసినాను."

అప్పటికి దివ్య వేళ్ల మీద వరసలు లెక్కపెట్టేసింది. పైడిరాజుకి సింహాచలం గారు తమ్ముడి వరస. అంటే తనకి మేనమామ వరస. ఆయన కొడుకు తనకి అన్న కాదు, సాక్షాత్తూ బావ. నిన్నటిదాకా పాపం అన్న పెద్దలే "మరి ఇంకేటి, మేనరికం!" అని ఊపందుకున్నారు. నాలుగు తరాల దూరం కదా అని నేనూ నా మేనరికాల ఉపన్యాసం మింగేశాను.

సింహాచలం గారు మాత్రం తల ఎత్తలేదు. పైడిరాజు బాగుచేసిన మోటారు మూడో రోజుకే కాలిపోయిందని రెండేళ్లుగా అతనితో మాటల్లేవు. ఇప్పుడు అతనే అన్నయ్య. కానీ ఆయన దిగులు అది కాదు. "అయితే నాను ఈ ఇంటోణ్ని కానన్నమాట," అన్నారు. "ఇన్నేళ్లు మా ఇంటి కాణ్ణుంచి ఘటం లేపినాను. ఏ మొకం ఎట్టుకుని లేపాలి?" అరుగు మీద ఎవరికీ నవ్వు రాలేదు.

నారాయణమ్మ గారు నోట్లోంచి చుట్ట తీశారు.

"ఒరే సింహాచలం, ఆడు ఎవులి కోసం వచ్చినాడురా ఇల్లరికం? ఈ ఇంటి ఆడపిల్ల కోసం. నువ్వు ఆ పిల్ల మనవడివి కావేటి? ఘటం నెత్తిన ఎత్తుకునేది ఆడోళ్లా, మగోళ్లా?"

నాకు సిగ్గేసింది. పంతొమ్మిదేళ్లు రక్తంతో పనిచేసిన దాన్ని, ఐదేసి వారాలు రెండు రిపోర్టుల కోసం ఎదురుచూశాను. ఆ పరీక్ష మగవాళ్ల దారి ఒక్కటే చూస్తుంది. ఆ ఇంట్లో పుట్టి, ఆ ఇంట్లోనే ఉండి, వంశాన్ని నిలబెట్టిన మనిషి గురించి ఒక్క అక్షరం చెప్పదు. నేనూ అడగలేదు. పరీక్ష చేతిలో ఉంటే, అది చెప్పని సంగతులు లేనే లేవనుకుంటాం. ఈ కేసు నాకు నేర్పింది అది.

సింహాచలం గారు తలెత్తారు. "పెద్దమ్మా, ఆవిడ పేరేటి?"

"సూరమ్మ. నాను కాపరానికి వచ్చేటప్పటికి బతికే ఉన్నాది. నాకు అడ్డపొగ నేర్పింది ఆ తల్లే."

మాఘమాసంలో పెళ్లి. శుభలేఖ ఇవ్వడానికి సింహాచలం గారే మా సెంటర్‌కి వచ్చారు. పెళ్లికొడుకు పేరు పైన, ముత్తాత పేరు ఉండాల్సిన చోట, "కీర్తిశేషులు సూరమ్మ గారి మునిమనవడు" అని ఉంది. ప్రెస్సువాడు పొరపాటేమో అనుకుని రెండుసార్లు ఫోన్ చేశాడట.

"ఏం చెప్పారండీ మీరు?" అని అడిగాను.

"ఇన్నాళ్లూ పొరపాటు ఎయ్యించినాం, ఇప్పుడు సరిగ్గా ఎయ్యి అన్నాను," అన్నారాయన.