ఆకాశం తీసిన ఫోటో, నేను తవ్వించిన గుంత

గోరంట్ల పక్కన రెడ్డెమ్మక్క మల్బరీ తోటలో గుంత తవ్వించింది ఫోటో సారు కాదు, నేను. ఈ మాటతో నా పరువు ఎలాగూ పోతుంది కనుక, ఏమీ మిగలకుండా పోయేలా చెబుతాను.

ఎనభైల మొదట్లో నేను ఎర్రమట్టి గనిలో మేస్త్రీని. గచ్చులకు వేసే ఎర్రరంగు ఆ మట్టితోనే చేస్తారు. ఎక్కడ తవ్వాలన్నా యజమాని నన్నే అడిగేవాడు. నేను చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుని తీర్పు చెప్పేవాణ్ణి. పాత గని అయిపోవస్తుండగా కర్నూలు నుంచి ఒక కుర్ర జియాలజిస్టు దిగాడు. చంకలో ఉపగ్రహం తీసిన పెద్ద రంగుల ఫోటో. అందుకే ఊరు ఆయనకు ఫోటో సారని పేరు పెట్టింది. యజమాని దాని మీద వంగినవాడు మళ్లీ నా వైపు తిరగలేదు. టీ కూడా ముందు ఆయనకే. పెళ్లింట్లో మర్నాడు మిగిలిన సాంబారులా నేనొక మూల నిలబడ్డాను.

ఒక మధ్యాహ్నం ఆయన స్నానానికి పోగానే ఫోటో విప్పాను. వంక మలుపు దగ్గర నెత్తురంత ఎరుపు! ఇంత ఎర్రమట్టి ఇక్కడుంటే ఈయన బోడికొండ చుట్టూ తిరుగుతున్నాడే అని జాలిపడ్డాను. మీరైనా పడేవారు.

యజమానీ ఆయనా మడకశిర పోయిన మూడు రోజుల్లో మట్టి కుప్ప పోసి చూపించాలనుకున్నాను. తీరా వెళ్తే అక్కడున్నది రెడ్డెమ్మక్క తోట.

"నా తోటలో ఎర్రమట్టి యాడుండాదప్పా? పట్టుపురుగులకు ఆకు లేకుంటే నీ మీసాలు కోసి ఏస్తానా?"

"ఫోటో సారు చెప్పినాడక్కా. ఆకాశం నుంచి చూస్తే భూమి లోపల గూడా కనపడతాదంట."

మేస్త్రీ మాట వినని మనిషి ఆకాశం మాట విన్నది. ఒక మూల నాలుగు వరసల చెట్లు పీకించాను. రెండు నిలువులు తవ్వితే వచ్చింది జిగట బురద. ఎర్రమట్టి బొట్టు పెట్టుకోవడానికైనా రాలేదు.

మూడో రోజు జీపు వచ్చి ఆగింది. రెడ్డెమ్మక్క ఫోటో సారును పట్టుకుని ఏడు తరాలకు సరిపడా తిట్టింది. యజమానీ అందుకున్నాడు. ఫోటో సారు నోరు తెరిచి, నా ముఖం చూసి, మూసుకున్నాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు.

"అన్నా, ఆ ఫోటోలో పచ్చని చెట్లే ఎర్రగా పడతాయి. ఈ చుట్టుపక్కల పచ్చగా ఉండేది ఈ తోటొకటే."

అప్పుడైనా నిజం ఒప్పుకోవలసింది. ఒప్పుకోలేదు. ఆ తర్వాత మా ఎర్రమట్టి ఆయన చూపిన బోడికొండ కిందే దొరికింది.

అంతటితో అయిపోయినా బాగుండేది. ఆ తిట్ల మర్నాడు పొద్దున గుంతలో ఛాతీ లోతు నీళ్లు! ఊళ్లో బావులన్నీ ఎండిన వేసవి అది. నిన్న తిట్టిన రెడ్డెమ్మక్కే కొబ్బరికాయ కొట్టి ఫోటో సారు మెడలో దండ వేసింది. వెనక నిలబడి చప్పట్లు కొట్టింది నేను. బావి నాదని చెప్పాలంటే తప్పు నాదని చెప్పాలి మరి. ఈరోజుకీ దాని పేరు ఫోటో సారు బావి.

కాబట్టి తూర్పుకు తిరిగి ప్రమాణం చేస్తున్నాను: ఇక నా తప్పును ఎవరి మీదా వేయను. కనీసం అందులో నీళ్లు పడతాయో లేదో తేలేదాకా.