నక్కలకు పెట్టిన మందు

మల్లన్నకు తన మీద తనకున్న నమ్మకంలో సగం నాకుంటే ఈపాటికి నేను కంపెనీకి మేనేజర్నయ్యేవాణ్ణి. జగిత్యాల పక్క పల్లెవాడు. ఊళ్లో అందరూ దుబాయ్ అనేసే ఈ గల్ఫ్ దేశంలో, దుఖాన్ రోడ్డు మీది మా క్యాంపులో చెత్త డబ్బాల డ్యూటీ. వరల్డ్ కప్ పనులు చేస్తున్నామని మేమంతా ఇళ్లకు ఫోన్లు చేసి గొప్పలు పోతుంటే, "మీరు ఒక్కరోజు పనికి పోకున్నా ఏం గాదు. నేను చెత్త ఎత్తకుంటె వరల్డ్ కప్పే ఆగుతది" అనేవాడు. నవ్వులాటకు కాదు, నిజంగానే.

అతని గదిలోనే నా మంచం కూడా, నా ఖర్మ. పొద్దు పొడవకముందే లేపేవాడు. "సురేందర్, లే తమ్మీ. నక్క మొఖం జూద్దువు."

క్యాంపు వెనక రాళ్లగుట్టలో ఒక ఆడనక్క పిల్లల్ని పెట్టింది. రోజూ పొద్దున చెత్త డబ్బాల దగ్గరికొచ్చి నిలబడేది. మెస్‌లో మిగిలిన కోడి ఎముకలు మల్లన్న దానికి వేసేవాడు. బాలవ్వ అని పేరు కూడా పెట్టాడు. బాలవ్వ అంటే అతని అత్తగారు. "పిలువకుండ వస్తది, పెట్టింది తింటది, మళ్ల నన్నే గుర్రున జూస్తది. ఇంకేం పేరు వెడ్తం?" ఎవరికి ఓవర్‌టైం దొరికినా, ఎవరి సెలవు పాసైనా బాలవ్వ చలవే అనేవాడు. నక్క తోక తొక్కాడని మనం మాటవరసకు అంటాం. మల్లన్నకు అది రోజూ చేసే డ్యూటీ.

ఆ చలికాలం పక్కనున్న ఒంటెల దొడ్డిలో ఒక ఒంటె నక్క కరిచి చచ్చిపోయింది. రేబిస్ అని తేల్చారు. మా క్యాంపు మేనేజర్‌కు భయం పట్టుకుంది. చుట్టుపక్కల నక్కలన్నిటినీ కాల్పించేస్తానన్నాడు. జంతువుల డాక్టర్లు వచ్చి ఆయన్ని ఆపారు. వాళ్లు పెట్టే ఎరను నక్కలు తిన్నట్టు కెమెరాల్లో కనిపిస్తే సరే, లేకపోతే తుపాకులవాళ్లను పిలుస్తానని ఆయన షరతు పెట్టాడు.

ఆ వచ్చిన డాక్టర్ పేరు ఇంద్రజ. గుడివాడ అమ్మాయి, ఇక్కడే అబూ హమూర్‌లో కాపురం. మిగతా దేశాలవాళ్లకు ఆమె డ్రైవర్ గులాం నబీ ఉర్దూలో అంతా విడమరిచి చెప్పాడు. మేం తెలుగువాళ్లమని తెలిసేసరికి ఆమె ముఖం వెలిగిపోయింది. మాకు తనే చెప్తానంది.

"ఏం కంగారు పడకండి. ఈ సాయంత్రం నక్కలకు మందు పెడుతున్నాం. చేపల వాసనొచ్చే బిళ్లలు కనిపిస్తే ముట్టుకోకండి. అంతే!"

కొంప మునిగింది అక్కడే. మా ఊళ్లలో కుక్కలకు మందు పెట్టారంటే ఒక్కటే అర్థం. తెల్లారేసరికి వీధిలో కాళ్లు చాచుకుని పడి ఉంటాయి. మల్లన్న ప్రాణంగా పెంచుకున్న నల్లకుక్క అలాగే పోయింది. దాని పిల్ల ఒక్కటే మిగిలింది. పంచాయతీవాళ్లు మందు పెట్టిన రోజున మల్లన్న ఇక్కడున్నాడు. ఫోన్లో వినడం తప్ప ఏమీ చేయలేకపోయాడు.

ఈసారి దగ్గరే ఉన్నాడు. పొద్దు వాలుతుంటే గ్లోవ్స్ తొడుక్కుని, సంచి పట్టుకుని, డాక్టర్లు పెట్టిన బిళ్లలన్నీ వాళ్ల వెనకే ఏరుకొచ్చి చెత్త బండికెక్కించాడు. "బాలవ్వకు మందు వెట్టెటోడు ఇంకా పుట్టలె" అన్నాడు చేతులు కడుక్కుంటూ.

రెండ్రోజులకు డాక్టరమ్మ కెమెరా ఫోటోలు పట్టుకుని మా మెస్‌లోకి వచ్చింది. ప్రతి ఫోటోలోనూ మల్లన్నే. రాయి పక్కన వంగిన మల్లన్న, తుమ్మచెట్టు కింద మల్లన్న, ఇదేమిటా అని కెమెరాలోకి ముఖం పెట్టి చూస్తున్న మల్లన్న.

"ఇదేం నక్కండీ బాబూ?" అని అడిగింది.

మెస్ అంతా గొల్లుమంది. మల్లన్న మాత్రం లేచి నిలబడ్డాడు.

"నేనే తీసిన మేడం. మళ్ల వెట్టున్రి, మళ్ల తీస్త. పిల్లల తల్లికి మందు వెట్ట మీకు చేతులెట్ల వచ్చినయి?"

ఆమె నెత్తి కొట్టుకుంది. "అయ్యో రామా, ఆ మందు కాదండీ! టీకా. పిల్లలకు పోలియో చుక్కలు వేయిస్తామే, అలాంటిది. నక్కను పట్టుకుని సూది వేయలేం కదా, అందుకని మందు ప్యాకెట్‌ను తిండి బిళ్లలో పెడతాం. అది కొరికి తింటే ఇంక ఆ జబ్బు రాదు." గొంతు తగ్గించింది. "అవి తినలేదు కాబట్టే మీ మేనేజర్ తుపాకులవాళ్లను పిలుస్తానంటున్నాడు. శుక్రవారం దాకా ఆగమని బతిమాలుకుని వస్తున్నాను."

మల్లన్న కూలబడ్డాడు. కాపాడాననుకున్నదాన్ని తన చేతులతోనే చావుకు అప్పగించాడు. నాకు చాలా జాలేసింది.

ఎంతసేపని? "ఇంకున్నయా బిళ్లలు? నాకియ్యున్రి" అంటూ మళ్లీ లేచాడు.

"ఒక్క పెట్టె ఉంది. అవి మేం పెట్టుకుంటాం. మీ పని వేరే ఉంది మల్లన్న గారూ, అదే కష్టం. ఎముకలు వేయడం మానేయండి. కడుపు నిండిన నక్క మా బిళ్ల వంక కూడా చూడదు."

మర్నాడు పొద్దున బాలవ్వ వచ్చింది. డబ్బాల మూతలు తాళ్లతో బిగించి మల్లన్న వాటికి అడ్డంగా నిలబడ్డాడు. అది కూర్చుని అతని చేతుల వంకే చూసింది.

"ఉత్త చేతులే అత్తా. యల్లా, పో."

పోలేదు. గులకరాయి తీసి దాని పక్కకు విసిరాడు. అప్పుడు వెళ్లింది. ఆ రోజంతా మల్లన్న ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ నోరు మళ్లీ మోగితే బాగుండునని నేను కోరుకున్నది ఆ ఒక్కరోజే.

గురువారం సాయంత్రం డాక్టరమ్మ కొత్త ఫోటో తెచ్చింది. బాలవ్వ నోట్లో బిళ్ల, దవడ పక్కన చిరిగిన మందు ప్యాకెట్. వెనక దాని పిల్లలు మరో బిళ్ల కోసం పీక్కుంటున్నాయి. మేనేజర్ కూడా చూసి, "తుపాకులు మాఫీ" అన్నాడు.

"నేను జెప్పలే?" అన్నాడు మల్లన్న, ఏమీ చెప్పనివాడు.

"ఇకముందు కూడా ఎముకలు వేయకండి" అంది డాక్టరమ్మ. "మనుషులకు అలవాటైతే మళ్లీ ఎవరో ఒకరు దాని మీదికొస్తారు."

"వెయ్య మేడం" అని కళ్లు తుడుచుకున్నాడు. ఎవరు చూస్తారోనని దాచుకోలేదు.

తర్వాత ఇంటికి ఫోన్ కలిపాడు. భార్య పోచవ్వ ఎత్తింది. ఫోటోల సంగతి చెప్పి గొప్పలు పోతాడనుకున్నాను.

"నల్లదాని పిల్ల ఎట్లున్నది?" అని అడిగాడు.

"మంచిగనే ఉన్నది. పంచాయతోళ్లు మళ్ల కుక్కలకు మందు వెడ్తమన్నరట. ఇంట్ల కట్టేసిన."

"కట్టేసుడు కాదు పోచవ్వా, వాళ్లొస్తె ఎదురువో. ఏం మందని అడుగు. టీకా అయితె, పిల్లను ఒళ్లె కూసోవెట్టుకొని ఏపియ్యి. ఇంకోటైతె, మా ఆయన దుబాయ్ నుంచి వస్తున్నడని చెప్పు."