హీటర్ వాల్వులో ఉప్పు

1997 ఎండాకాలం. బందరులోని నా మెకానిక్ షెడ్డుకి నాగాయలంక వైపు నుంచి ఒక పాత కారు వచ్చింది. రొయ్యల చెరువులు చేసే సాంబశివరావు గారు ఎక్కడో కొండప్రాంతం వాళ్ల దగ్గర సెకండ్ హ్యాండులో కొన్న బండి. అందుకే దానికి హీటర్ ఉంది. మన డెల్టాలో కారుకి హీటరంటే గేదెకి స్వెట్టర్ తొడిగినట్టే. డాష్‌బోర్డు మీద మీట ఎటు జరిపినా వేడిగాలి ఆగడం లేదట.

ఆయన నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించారు. డ్రైవర్ ఏసుబాబు అసలు పార్టు అమ్ముకుని ఏదో డొక్కుది బిగించాడని ఆయన అనుమానం.

"వాడి పనేనని తేలితే ఇవాళే పంపించేస్తానండీ" అన్నారు.

ఎప్పట్నుంచో నా షెడ్డుకి బళ్లు తెచ్చే, నన్ను వరసపెట్టి బావా అని పిలిచే ఏసుబాబు దూరంగా నేల చూస్తూ నిలబడ్డాడు. నాకూ అది దొంగచూపులాగే కనిపించింది. నిజం చెప్పొద్దూ, డ్రైవర్లంటే నాకు మొదట్నుంచీ అపనమ్మకమే.

హీటర్ వాల్వంటే ఇంజన్‌లోని వేడినీళ్లని హీటర్‌లోకి వదిలే చిన్న కుళాయి. మీట నుంచి వచ్చే కేబుల్ దాన్ని తిప్పుతుంది. కేబుల్ బాగానే ఉంది. హోస్ పైపులు విప్పితే వాల్వు తెరుచుకున్నచోటే బిగుసుకుపోయి ఉంది. లోపల తెల్లటి పొర, చుట్టూ పచ్చటి చిలుము. గోటితో గీకి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

పార్టు మారలేదనీ, ఎవరో రేడియేటర్‌లో ఉప్పునీళ్లు పోస్తున్నారనీ చెప్పాను. అక్కడితో ఊరుకోవచ్చుగా! నీళ్లు పోసేది డ్రైవరేగా అని కూడా అన్నాను. సాంబశివరావు గారి మొహం జేవురించింది. రేపట్నుంచి రావద్దని అక్కడికక్కడే చెప్పేశారు. ఏసుబాబు తాను మంచినీళ్లే పోస్తానని ఒక్కసారి అన్నాడు. వాడి జీతం మీదే ఇల్లు గడుస్తోందని నాకు తెలుసు. అయినా వెనక్కి తిరిగి వాల్వు పని చూసుకున్నాను.

వాల్వుని కిరసనాయిల్లో నానబెట్టి, కదిలించి, శుభ్రం చేసి బిగించాను. రేడియేటర్ కడిగి నీళ్లడిగాను. సాంబశివరావు గారికి ల్యాబుకి వెళ్లే తొందర. తనే డిక్కీ తెరిచి, క్యాను తెచ్చి పోయబోయారు. మూత అంచున తెల్లగా పేరుకుని ఉండటం చూసి చెయ్యి అడ్డం పెట్టాను. వేలు ముంచి నాకితే ఉప్పు కషాయం.

డిక్కీలో ఎప్పుడూ ఒకేలాంటివి రెండు క్యాన్లుంటాయట. ఒకదాంట్లో మంచినీళ్లు. రెండోదాంట్లో పరీక్ష కోసం ల్యాబుకి తీసుకెళ్లే రొయ్యల చెరువు ఉప్పునీళ్లు. ఏది ఏదో ఏసుబాబుకి తెలుసు. వాడు రాని రోజుల్లో బండి తోలింది ఈయనే. ఇంజన్ వేడెక్కినప్పుడల్లా చేతికందిన క్యాను ఎత్తి పోశారు.

ఆయన క్యాను కింద పెట్టి ఏసుబాబు వైపు తిరిగారు. "రేపు పొద్దున్నే వచ్చెయ్‌రా, చెరువు మీదకి వెళ్లాలి" అన్నారు. అంతకు మించి ఆయన నోట రాదు.

ఏసుబాబు బండి ఎక్కబోతూ నా దగ్గర ఆగాడు.

"ఆయన సంగతి వదిలెయ్ బావా. ప్రతి పైపూ విప్పి చూశావు. నన్నొక్క మాట అడగలేకపోయావా?"

సిగ్గుతో చచ్చిపోయాను. అప్పట్నుంచీ ఏ బండి వచ్చినా, బానెట్ ఎత్తేముందు తోలేవాణ్ని కూర్చోబెట్టి, ఓనరు వినకుండా అడుగుతాను. సగం రోగం అక్కడే తెలుస్తుంది. ఏసుబాబు మాత్రం ఆ తర్వాత, దూరమైనా సరే, బండిని గుడివాడలో వేరే మెకానిక్ దగ్గరికే తీసుకెళ్లేవాడు.