లిథువేనియా పెద్దోడి ఆఖరి మ్యాచ్‌కు మూడు రోజుల ముందు

నిన్న, గురువారం ఉదయం ఆరుంపావుకు నా స్నేహితుడు సింహాచలం కూతురు లావణ్య ఫోన్ చేసింది.

"బాబాయ్, నాన్న లెగట్లేదు. బేగి రా."

ఇది పొరపాటు సమాచారమని నేను తక్షణమే తీర్మానించాను. స్వయంగా ఖండించే నిమిత్తం మా ఖరగ్‌పూర్‌లోని తాల్‌బగీచా నుంచి ట్రాఫిక్ కాలనీకి సైకిల్ మీద బయల్దేరాను.

ఖండించలేకపోయాను.

నిద్రలోనే గుండె ఆగిందన్నారు. యాభై మూడేళ్ళు.

రైల్వే వర్క్‌షాప్ సహోద్యోగులకు, పాత బాస్కెట్‌బాల్ జట్టు సభ్యులకు ఈ విషయం తెలియజేయడానికి మిక్కిలి చింతిస్తున్నాను. "మిక్కిలి" అన్న మాట సరిపోవడం లేదు. ఇంతకంటే పెద్దది నా దగ్గర లేదు.

ఒకప్పుడు మా వర్క్‌షాప్ జట్టుకు సింహాచలమే సెంటర్, అంటే బాస్కెట్ కింద నిలబడే పొడుగు ఆటగాడు. ఎత్తు ఐదడుగుల తొమ్మిదంగుళాలు. అంతకంటే పొడుగువాడు మాలో లేకపోవడమే అతని అర్హత.

అతని పని స్క్రీన్ పెట్టడం. అంటే ఎదుటి జట్టువాడి దారికి అడ్డంగా గోడలా నిలబడి, ఆ దెబ్బ తాను తినడం.

ఆ సందులోంచి పరుగెత్తి బాస్కెట్ వేయడం నా పని. చప్పట్లు కూడా నాకే.

అందుకే కాబోలు, ప్రపంచంలో ఇంతమంది స్టార్లుండగా అతను లిథువేనియాకు చెందిన ఒక సెంటర్‌ను తన అభిమాన ఆటగాడిగా ఎంచుకున్నాడు. సగం మ్యాచ్ బెంచి మీదే కూర్చునే మనిషి. కోర్టులో దిగితే స్క్రీన్ పెడతాడు, గురి తప్పి తిరిగొచ్చే బంతిని పట్టుకుంటాడు, పడిపోయినవాణ్ణి లేపుతాడు. అంతే.

ఫోన్‌లో మొదటి క్లిప్ చూసిన రోజే సింహాచలం తేల్చేశాడు.

"ఒరే, ఈడు నానేరా! అడుగున్నర పెంచినారంతే."

ఆ పేరు పలకడానికి మా ఇద్దరికీ నోరు తిరగలేదు. కాబట్టి "పెద్దోడు" అని వ్యవహరించాం.

పెద్దోడు కుర్రతనంలో తన చిన్న ఊరి క్లబ్బులో మొదలుపెట్టాడు. తర్వాత స్పెయిన్, టర్కీ, గ్రీసు, ఇటలీ. క్లబ్బులు మారడం ఆ వృత్తిలో మామూలే, ఆటగాడే ఒప్పుకుని సంతకం పెడతాడు.

ఈ సంగతి సింహాచలం చివరిదాకా అంగీకరించలేదు. మూడు తరాల రైల్వే కుటుంబం. పైనుంచి ఆర్డర్ రాకుండా మనిషి కదులుతాడంటే ఎలా నమ్ముతాడు?

"టర్కీకి ఏసేసినార్రా, పాపం. ఎవుడో ఆఫీసరుకి ఈడంటే పడదు."

నాలుగేళ్ళ క్రితం పెద్దోడు రిటైర్ అవుతున్నట్టు ప్రకటించాడు.

రైల్వేలో మనిషి రిటైరైతే దండ, శాలువా, స్వీట్ ప్యాకెట్, గ్రూప్ ఫోటో తప్పనిసరి. సదరు మనిషి లిథువేనియాలో ఉండటం సింహాచలానికి అభ్యంతరంగా తోచలేదు. ఫోటో ప్రింట్ తీయించాడు. కోర్టు పక్కన కుర్చీలో నిలబెట్టాడు. చామంతి దండ వేసి, పాత జట్టునంతా సభకు పిలిచాడు.

అటుగా పోతున్న ఒక బెంగాలీ దాదా సైకిల్ దిగి, చెప్పులు విప్పి, కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు.

వెనకే మా వీధి సూరమ్మ పిన్ని వచ్చింది.

"ఎవురు బాబూ? ఎప్పుడు పోనాడు?"

"పోలేదు పిన్నీ. రిటైరైనాడు."

"మరి ఫొటోకి దండేసినారేట్రా, సచ్చినోల్లారా!"

దాదా ఇంకా కళ్ళు తెరవలేదు. ఆయన్ను నొప్పించడం ఇష్టం లేక సభ యావత్తూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించింది.

మరుసటి నెలలో పెద్దోడు మనసు మార్చుకుని ఇంకో క్లబ్బులో చేరాడు.

"సూసినావా? సచ్చిపోనాడని పుకారు పుడితే ఆయుస్సు పెరుగుద్ది. మనమే పెంచినాం," అన్నాడు సింహాచలం.

ఈ వాదనను నేను రికార్డులో చేర్చుకున్నాను.

కిందటేడు పెద్దోడు తన ఊరి క్లబ్బుకే తిరిగి వచ్చాడు. ఆ వార్త చదివి సింహాచలం వర్క్‌షాప్ గేటు దగ్గర నన్ను ఆపేశాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"సొంతూరికి రిక్వెస్ట్ ట్రాన్స్‌ఫర్ ఇచ్చినార్రా! తిప్పి తిప్పి, ఆకరికి ఇచ్చినారు."

కళ్ళు తుడుచుకుని అడిగాడు.

"మరి మనకిస్తే ఏ ఊరికిస్తారంటావు?"

అతని తాత పలాస వైపు నుంచి రైల్వే పనికి ఖరగ్‌పూర్ వచ్చాడు. మా తాతా అంతే. అక్కడ మేము తలుపు తట్టగల ఇల్లు ఒక్కటి లేదు.

"విషయం పరిశీలనలో ఉంది," అన్నాను. నవ్వాడు.

ఖరగ్‌పూరేరా, ఇంకెక్కడికి ఇస్తారు, అని ఆ రోజే చెప్పి ఉండాల్సింది.

ఈ ఆదివారం సాయంత్రం, మన టైముకు ఐదున్నరకు, పెద్దోడి ఆఖరి మ్యాచ్. తన ఊళ్ళోనే. ఈసారి నిజంగానే ఆఖరిది.

నెల రోజులుగా సింహాచలానికి వేరే ధ్యాస లేదు. మొన్న బుధవారం కూడా టీ కొట్టు దగ్గర నాకు నోటీసు ఇచ్చాడు.

"ఆదివారం పెళ్ళీ పేరంటం ఏటీ పెట్టుకోకు. ఆడు సొంతూళ్ళో ఆట ముగించడం నాను సూడాల. దండ మాత్రం వొద్దు. మళ్ళీ ఆయుస్సు పెరిగితే ఆడి మోకాళ్ళు తట్టుకోలేవు."

ఒక మనిషి జీవితంలో అడిగినది ఇంతే. రెండు గంటల మ్యాచ్.

మూడు రోజులు తక్కువ పడ్డాయి.

నిన్న సాయంత్రం అన్నీ అయ్యాక లావణ్య నా దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది.

"బాబాయ్, ఆదివారం మేచ్ పెడదామా?"

లోపల్నుంచి వాళ్ళ పెద్దనాన్న గద్దించాడు.

"మైలింట్లో టీవీ ఏటే? నలుగురూ ఏటనుకుంటారు?"

అందరూ తలలు దించుకున్నారు. నాతో సహా. నియమాల విషయంలో నేను సాధారణంగా గట్టివాణ్ణి.

సింహాచలం భార్య వరలక్ష్మి తలెత్తింది.

"పెట్టండి బావగారూ. ఆయన సూడాలనుకున్నాడు. ఎవురో ఒకరు సూడాల గదా."

కనుక మిత్రులకు మనవి. ఆదివారం ఐదున్నరకు ట్రాఫిక్ కాలనీలో వాళ్ళ క్వార్టర్ తలుపు తెరిచే ఉంటుంది. ఆట తెలియకపోయినా రండి. ఎవరు గెలిచారన్నది మాకు అక్కర్లేదు. ఒక అలిసిపోయిన మనిషి తనవాళ్ళ మధ్య కోర్టు దిగి వెళ్ళిపోవడం చూస్తాం.

చూసి, అలవాటుకొద్దీ పక్కకు తిరిగి సింహాచలంతో ఏదో అనబోతాను. ఆ క్షణం గురించే నాకు భయంగా ఉంది.

వెళ్ళిరా సింహాచలం.
నువ్వున్న చోట నీకు నెమ్మది దొరకాలి.
ఇక్కడ మాకు చాలా కాలం పడుతుంది.