సింగన్న చేతికి దీపం

పగటిపూట కథ చెబితే దారిన పోయేవాళ్లు దారి తప్పుతారని మోహన్‌కుమార్ గట్టిగా నమ్మేవాడు. సొంత ఊరు కల్లావిలో వాళ్లమ్మ మారక్క చిన్నప్పటినుంచీ చెప్పిన మాట అది. గొర్రెల వెంబడి తిరిగే ఇంట్లో పుట్టినవాడు కదా, దారి తప్పడమంటే ఏమిటో అతని కాళ్లకు తెలుసు. అందుకే హోసూరు వచ్చి ఫ్యాక్టరీలో మిషను ముందు నిలబడ్డాక కూడా ఆ మాట దాటలేదు. పొద్దు గుంకాలి, గదిలో దేవుడి పటం ముందు దీపం వెలగాలి, అప్పుడే ఆట.

ఆట అంటే పేకాట కాదు. అప్పట్లో హోసూరు బస్టాండు వెనక పాత పేపర్ల కొట్టుకు బెంగుళూరు ఇళ్లలోని చిత్తుకాగితాలు మూటలుగా వచ్చేవి. ఒకనాడు ఆ మూటల్లో రంగుల అట్టల ఇంగ్లీషు పత్రికలు కనబడ్డాయి. ఒక అట్ట మీద రెక్కల పాము నిప్పులు కక్కుతోంది.

"మన గుడి స్తంభం మీది యాళి ఈడికి ఎట్లా వచ్చిందిరా మంజా?" అని మోహన్‌కుమార్ ఆ చిత్తు మధ్యే చతికిలబడి తిరగేశాడు. గదిలో తోటివాడు మంజునాథ్ ఎంత లాగినా లేవలేదు. ఆ సాయంత్రం పత్రికలన్నీ గదికి చేరాయి.

అవి ఒక రకం ఆట ఆడేవాళ్ల కోసం అచ్చువేసినవని తెలియడానికి మోహన్‌కుమార్ డిక్షనరీ ముందు పెట్టుకుని చాలా రోజులు కుస్తీ పట్టాడు. ఒకడు కథ నడుపుతాడు. మిగతావాళ్లు ఆ కథలో మనుషులవుతారు. "ఎదురుగా గుహ ఉంది, ఏం చేస్తావు?" అని కథ నడిపేవాడు అడిగితే వీళ్లు జవాబు చెప్పాలి. చెప్పినది జరుగుతుందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. అసలు ఆట పుస్తకాన్ని వాళ్లు ఎన్నడూ చూడలేదు. దాని గురించి రాసిన ఆ పాత పత్రికలే దొరికాయి. పిలుపు లేని పెళ్లికి పోయి, వాసన బట్టి వంట నేర్చుకున్నట్టు, వాటిలోంచే తమ ఆట అల్లుకున్నారు. పాచికలకు బదులు ఒక పక్క అరగదీసిన చింతగింజలు. తెల్లవి ఎక్కువ పడితే జరిగినట్టు, నల్లవి ఎక్కువ పడితే లేనట్టు.

కథ నడిపేది ఎప్పుడూ మోహన్‌కుమారే. మంజునాథ్ ఆ కథలో సింగన్న, ముసలి కుంటి బంటు. పక్క గదులవాళ్లు ఇద్దరు ముగ్గురు వస్తూ పోతూ ఉండేవాళ్లు. ఇంగ్లీషు అడవులన్నీ మోహన్‌కుమార్ నోట కృష్ణగిరి గుట్టలయ్యేవి. పత్రికలో పెద్ద కోరల రాక్షసుడి బొమ్మ పక్కన పెన్సిలుతో "కల్లావి సంత గొర్రెల బ్రోకరు" అని రాసుకున్నాడు. ఒక కథ సగంలో "తరువాయి వచ్చే సంచికలో" అని ఆగిపోతే, ఆ వచ్చే సంచిక పాత పేపర్ల కొట్లో దొరకదు కాబట్టి, మిగతాది తనే కల్పించేవాడు.

కథ ఎంత బిగువులో ఉన్నా లేచేముందు ఒక పని మాత్రం మరిచేవాడు కాదు. కథలో ఉన్న ప్రతివాడికీ తల దాచుకోవడానికి ఒక చోటు చూపించి, చేతికి ఒక దీపం ఇచ్చేవాడు.

"ఆట అయిపోయింది కదరా, ఇంక దీపం ఎవురికి?" అని మంజునాథ్ ఎగతాళి చేసేవాడు.

"మనం అన్నం తిని పడుకుంటాం. వాళ్లు అడివిలో చీకట్లో నిలబడాల్నా? నీకు మనసెట్లా ఒప్పుతుందిరా?"

ఒక్కనాడే ఆ దీపం పెట్టడం కుదరలేదు. ఆ సాయంత్రం సింగన్న ఒక పెద్ద ఏటి గట్టుకు చేరాడు. అవతల గట్టున ఏముందో మోహన్‌కుమార్ చెప్పబోతున్నాడు. ఇంతలో కింద టీకొట్టు ఆయన రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. కల్లావి నుంచి ఫోను, నాయన కదిరప్ప చేలో పడిపోయినాడని. మోహన్‌కుమార్ సంచి భుజాన వేసుకుని వాకిట్లోంచి వెనక్కు తిరిగి, "వచ్చి చెప్తాలే మంజా" అన్నాడు.

మళ్లీ ఆ గదికి రాలేదు. కదిరప్ప మంచం పట్టి ఏళ్ల తరబడి అలాగే ఉన్నాడు. మందను చూసుకోవాలి, నాయనకు ఒళ్లు తుడవాలి. మామిడికాయల కాలంలో కృష్ణగిరి పక్క పల్ప్ ఫ్యాక్టరీలో కూలికి పోయేవాడు, మిగతా రోజులు గొర్రెలు. రేణును పెళ్లాడాడు. బిడ్డలు కలగలేదు. సామల్పట్టి స్టేషనులో సాయంత్రం రైలుబండి దిగిన ముసలివాళ్లు బస్సు తప్పి దిక్కులు చూస్తుంటే, టార్చిలైటు వేసుకుని వాళ్ల ఊరిదాకా నడిచి దిగబెట్టి వచ్చేవాడట. ఆ సంగతి అతను ఎన్నడూ మంజునాథ్‌కు చెప్పలేదు. ఊళ్లోవాళ్లు చెప్పగా తెలిసింది.

ఏ పెళ్లిలోనో, కృష్ణగిరి బస్టాండులోనో ఇద్దరూ కలిసేవాళ్లు. కలవగానే మంజునాథ్ అడిగే మాట ఒకటే.

"రేయ్, నా సింగన్న ఏరు దాటినాడా?"

"యాడ దాటినాడు? గట్టు మీదనే చలి కాచుకుంటా ఉండాడు."

"ఇప్పుడన్నా చెప్పరా అవతల ఏముందో."

"పట్టపగలు కత చెప్పేదా? ఎదురుగా ఇన్ని బస్సులు పోతా ఉండాయి. అన్నీ దారి తప్పితే నువ్వు పట్టుకొస్తావా?"

ఇద్దరూ నవ్వుకుని టీ తాగి, ఎవరి బస్సు వాళ్లు ఎక్కేవాళ్లు. అలా జుట్టు నెరిసింది. కలిసిన ప్రతిసారీ పగలే అయింది.

మొన్న చిత్తకార్తెలో రేణు ఫోను చేసింది. మోహన్‌కుమార్‌కు తలలో నరం చిట్లిందని, ఆసుపత్రివాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారని. "కండ్లు తెరవడంలే అన్నా. చెవులు మాత్రం వినపడతా ఉండొచ్చు, మాట్లాడతా ఉండండి అని డాక్టరమ్మ చెప్పింది. మాకేం మాట్లాడాల్నో తెలీడంలే."

మంజునాథ్‌కు మొదట గుర్తొచ్చింది ఆ ఏటి గట్టే. తెరిచిన కథను మూయకుండా పోతే వాడి ప్రాణం అక్కడే పీకుతుందని అనిపించింది. మూసేవాడు మాట్లాడలేడు. మరి తను మూయగలడా? కథ నడపడం తనకు ఎప్పుడూ చేతకాలేదు.

ఈ మాటలేవీ చెప్పకుండానే భార్య ఆశ స్టూలు వేసుకుని, మోహన్‌కుమార్ గదిలో వదిలిపోయిన పత్రికల మూటను అటక మీంచి దించింది. ప్రతి ఉగాదికీ "ఈసారి పాత పేపర్లకు వేసేస్తా" అని బెదిరించడం, వేపాకు మార్చి మళ్లీ అక్కడే పెట్టడం ఆమెకు అలవాటు. దుమ్ము తుడిచి, గుడ్డసంచిలో సర్ది, మీద ఇడ్లీల డబ్బా పెట్టి చేతికిచ్చింది. చింతగింజలు ఒక పాత కుంకుమ భరిణెలో అలాగే ఉన్నాయి.

కృష్ణగిరిలో బస్సు మారాడు. సీటు దొరకలేదు. సంచిని కింద పెట్టకుండా రొమ్ముకు ఆనించుకుని నిలబడ్డవాణ్ణి చూసి, కిటికీ పక్క కూర్చున్న ఆమె, "దేవుడి పటాలా అన్నా? ఇట్లియ్యి" అని తన ఒళ్లో పెట్టుకుంది. కల్లావి వచ్చేదాకా ఆ సంచి మీద చేయి తీయలేదు. దిగేటప్పుడు మంజునాథ్ ఆమెకు దండం పెట్టాడు.

ఇల్లు చేరేసరికి ఎండ మండుతోంది. నడవలో నులకమంచం మీద మోహన్‌కుమార్ ఎముకలగూడులా ఉన్నాడు. తలాపున మారక్క కొంగుతో విసురుతోంది. రేణు చెంచాతో నీళ్లు పెదవులకు తడుపుతోంది.

మంజునాథ్ పత్రికలు మంచం అంచున పేర్చి మారక్కకు సంగతి చెప్పాడు. "పొద్దు గుంకేదాకా కూచుంటానమ్మా. దీపం పెట్టినాక వాడి కత ముగించి పోతాను."

మారక్క విసరడం ఆపింది. కాసేపు కొడుకు మొహంలోకి చూసింది.

"ఇప్పుడే చెప్పప్పా."

"పగలు కదమ్మా. నువ్వే కదా వద్దన్నది..."

"నేనే. అందుకే చెప్పమంటా ఉండేది." ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నా బిడ్డ దారిలో ఉండాడు. పోయే దారిలో. పగలు కత చెప్తే దారిన పోయేవాళ్లు దారి తప్పుతారు కదా? తప్పనీ. తప్పి ఇంటికి రానీ."

రేణు చెంచా గిన్నెలో పెట్టి మొహం అటు తిప్పుకుంది.

ముగించడానికి వచ్చినవాడు ముగించకుండా చెప్పాలి. పైనున్న సంచిక తెరిచాడు. పురుగు కొట్టిన చిల్లుల్లోంచి కింది పేజీ రంగులు కనబడుతున్నాయి.

"సింగన్న ఏటి గట్టు మీద ఉండాడు. చీకటి. అంతలో ఒక గొర్రెలాయన మందను తోలుకోని వచ్చినాడు. రేయ్ మోహనా, ఆ గొర్రెలాయన నువ్వేరా. ఇప్పుడేం చేస్తావు?"

జవాబు ఎక్కడినుంచి వస్తుంది? ఊపిరి ఒక్కటే గరగరమంటోంది.

"వాడు ఏం చేస్తాడో నేను చెప్తాను" అంది మారక్క. "ముందు ఆ కుంటాయన్ని బువ్వ తిన్నావా అని అడుగుతాడు."

మంజునాథ్ గింజల్ని మోహన్‌కుమార్ అరచేతిలో పోసి, ఆ చేతిని పట్టుకుని తనే దుప్పటి మీద ఒంపాడు. అన్నీ తెల్లవే.

"తిన్నారమ్మా. ఇద్దరూ సంగటి తిన్నారు."

అలా నడిచింది. వేసిన గింజల్ని ప్రతిసారీ ఏరి మళ్లీ మోహన్‌కుమార్ అరచేతిలోనే ఉంచేవాడు. ఒక్కో సంచికా తెరవడం, బొమ్మ చూడడం, దాని మీద నాలుగు మాటలు అల్లడం. ఎలుగుబంటి తల మనిషి వస్తే మారక్క, "కుక్కను ఉసిగొల్పమను" అంది. మంత్రగాడి కోట వస్తే, "లోపలికి పోవద్దు, బయటి నుంచే నీళ్లడగమను" అంది. కోరల రాక్షసుడి పక్కన పెన్సిలు రాత మంజునాథ్ చదివి వినిపిస్తే, ఆ ఏడుపులోనే ఆమెకు నవ్వొచ్చింది.

"అచ్చం ఆ బ్రోకరే! ఆ పండ్లు చూడు రేణూ. వాడు సగం ధరకే మా పొట్టేలును తోలుకోని పోయిన్నాడు, దొంగసచ్చినోడు."

రేణు కూడా వంగి చూసింది. "నాకు ఒక్కనాడు చెప్పలేదన్నా ఈ ఆట గురించి" అంది మెల్లగా. "దీపాల యాళకు మాత్రం గమ్మున కూచునేవాడు. ఏందంటే, సింగన్నకు చలి పెడతా ఉంటాది అనేవాడు. వాళ్ల చుట్టమేమో అనుకున్నాను."

మంజునాథ్ పేజీ తిప్పబోయి తిప్పలేకపోయాడు. ఇన్నాళ్లూ అది తన ఒక్కడి ఎగతాళి మాట అనుకున్నాడు.

కథ ఏటి దగ్గరికి వచ్చినప్పుడల్లా మారక్క వెనక్కు మళ్లించింది. "గొర్రెపిల్ల ఒకటి వెనకబడింది, పోయి ఎత్తుకోని రమ్మను." "ఆ గుడిలో దండం పెట్టుకోలేదు, పెట్టుకోని రమ్మను." మంజునాథ్ కాదనలేదు. గొర్రెలాయన ఎన్నిసార్లో గట్టు దిగబోయాడు, అన్నిసార్లూ వెనక్కు నడిచాడు. పక్కింటామె మజ్జిగ తెచ్చి అందరి పక్కనా పెట్టి, చప్పుడు కాకుండా వెళ్లిపోయింది. ఎండ వాకిలి దాటి గోడెక్కింది. కట్ట కరిగి చివరి సంచిక మిగిలింది. మోహన్‌కుమార్ ఊపిరి మధ్యమధ్య ఆగి, మళ్లీ ఎక్కడినుంచో ఈడ్చుకుంటూ వస్తోంది.

ఊళ్లో మందలు తిరిగి వస్తున్న చప్పుడు. మారక్క కొడుకు పాదాలు పట్టుకుని చూసింది. చల్లగా ఉన్నాయి. చాలాసేపు వాటిని తన అరచేతులతో రుద్దింది. తర్వాత లేచింది. దేవుడి గూట్లో దీపం వెలిగించి, తెచ్చి మంచం పక్కన పెట్టింది.

"చాలప్పా" అంది. "నా బిడ్డను పగలంతా తిప్పినాను. అలిసిపోయినాడు. ఇంక దాటించు."

మంజునాథ్ చివరి సంచిక మూసి ఒళ్లో పెట్టుకున్నాడు. బొమ్మ అవసరం లేకపోయింది.

"ఏట్లో నీళ్లు మోకాటి లోతే ఉండాయి" అన్నాడు. "గొర్రెలాయన కట్టెతో లోతు చూసుకున్నాడు. మంద ముందర దిగింది. సింగన్న నేనూ వస్తానన్నాడు..."

"రావద్దన్నాడు" అంది మారక్క. "నువ్వు కుంటోనివి, ఈడే ఉండు అన్నాడు. ఉండి, సింగన్న చేతికి దీపం ఇచ్చి పోయినాడు. చెప్పు నాయనా."

"దీపం ఇచ్చినాడు" అన్నాడు మంజునాథ్. "పడుకునేదానికి చోటు కూడా చూపించినాడు. అంతా చూపించినాక, గట్టు దిగినాడు."

ఊపిరి ఇంకా ఉంది, దూరంగా, తేలిగ్గా. రేణు భర్త చేతిలోంచి గింజలు తీయబోయి, మళ్లీ ఆ వేళ్లు మూసి అలాగే ఉంచింది.

మారక్క ఇంకో ప్రమిద వెలిగించుకుని వాకిట్లోకి నడిచింది. వీధి తిన్నె మీద, గాలి తగలకుండా చెంబు అడ్డం పెట్టి, దాన్ని ఉంచింది.

"బయట ఎందుకత్తా?" అని రేణు అడిగింది.

"పగలంతా కత చెప్పించినాను కదా. నా స్వార్థానికి ఎవురెవురు దారి తప్పినారో ఏమో. వాళ్లకు కనపడనీ."

చమురు తగ్గినప్పుడల్లా రేణు లేచి పోసి వచ్చింది. మోహన్‌కుమార్ పోయేసరికి ఆ తిన్నె మీది దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.