కరకట్టకు కొండ గేర్లు

మా ప్రాంతంలో కొండ అన్నది లేదు. బందరు నుంచి గుడివాడ దాకా, అటు దివిసీమ చివరి దాకా నేల చాప పరిచినట్టు ఉంటుంది. అలాంటి చోట, పంతొమ్మిది వందల యాభైల చివర్లో, నేను నా పాత కారుకు కొండ గేర్లు వేయించానని ఊరంతా నవ్వుకుంది. నవ్వుకోనీ అనుకున్నాను. ఎందుకు వేయించానో నాకూ నా భార్యకూ తెలిస్తే చాలు.

ఆవిడది దివిసీమ. ఏరు దాటితే కరకట్ట, కట్ట దిగితే వాళ్ళ ఇల్లు. అక్కడ వంతెన లేదు. కారైనా బండైనా బల్లకట్టు మీద దాటి, ఒండ్రు మట్టిలో ఏటవాలుగా కట్టెక్కాలి. పెళ్ళయిన కొత్తలో ఎంతో డాబుగా కారులో వెళ్తే అది సగంలో నిలబడిపోయింది. మావగారు ఎడ్లను కట్టించి లాగించారు. ఆ తర్వాత మేం వస్తున్నామంటే చాలు, ఎడ్లకు మేత వేసి ఉంచామని మరదళ్ళు కబురు పెట్టేవారు. ఆవిడ మాత్రం కట్ట కిందే దిగి, కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, నాకంటే ముందు పైకి చేరి అక్కణ్ణుంచి నవ్వేది.

ఆ మనిషికే గుండె జబ్బు చేసింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. కూర్చోబెట్టి ఎక్కడికైనా తీసుకెళ్ళండి గానీ ఎత్తు మాత్రం ఎక్కించొద్దన్నారు డాక్టరుగారు. పెదాలు నీలంగా మారుతున్న కొద్దీ ఆవిడకు అమ్మను చూడాలన్న కోరిక ఒక్కటే మిగిలింది. మావగారు పక్షవాతంతో మంచాన పడ్డారు. అత్తగారు ఆయన్ను వదిలి బందరు రాలేరు. రేవు నుంచి నలుగురు మనుషుల్ని పెట్టి మంచం మీద మోయిస్తామని పుట్టింటివాళ్ళు కబురు చేశారు.

"మంచం మీద నేను రాను. నలుగురు మోసుకుంటూ గుమ్మంలోకి తెస్తే అమ్మ తట్టుకోలేదు. కూర్చునే వెళ్తాను," అంది. అదే మాట వాళ్ళకూ చెప్పి పంపింది.

అందుకని ఆ కట్టను కారుతోనే ఎక్కించాలని పట్టుబట్టాను. గుడివాడలో లారీలు బాగుచేసే మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. మన్యంలో తిరిగి తిరిగి తుక్కయిపోయిన, మా కారు లాంటిదే మరో కారు వెనక ఇరుసులోని పళ్ళచక్రాలు ఆయన షెడ్డులో పడి ఉన్నాయి. వాటిని నా కారుకు వెయ్యమన్నాను. ఆయన పాత జత, మన్యం జత పక్కపక్కన పెట్టి చూపించాడు. మన్యం జతలో చిన్న చక్రానికి పళ్ళు తక్కువ. ఇంజను ఎక్కువ చుట్లు తిరిగితే గానీ కారు చక్రం ఒక చుట్టు తిరగదు.

"లాగుడు పెరుగుద్దండీ, పరుగు పోద్ది. ఒకటిస్తే ఒకటి తీసుకుంటది ఇది. బాగా ఆలోచించుకోండి," అన్నాడు.

ఆలోచించడానికి ఏముంది? బిగించమన్నాను. పళ్ళకు ఎర్ర రంగు పూసి, తిప్పి, ఎక్కడ రాసుకుంటున్నాయో చూసి, పలచటి రేకులు పెడుతూ తీస్తూ ఆయన పని చేస్తున్నంతసేపూ పక్కనే కూర్చున్నాను.

బందరు తెచ్చి, ఆవిడను ఎక్కించుకుని నాలుగు వీధులు తిప్పాను. ఇంజను గోలే గానీ నడక లేదు. సైకిలు మీద పాలవాడు గంట కొడుతూ మమ్మల్ని దాటిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. ఆవిడకు నవ్వాగలేదు. నవ్వితే దగ్గు, దగ్గితే ఆయాసం.

"వెళ్ళనీండి, మనకేం తొందర," అంది.

ప్రయాణం రోజు పెట్టెలోంచి పెడన అద్దకం చీర తీయించి కట్టుకుంది. వెనక సీట్లో దిండ్లు సర్ది కూర్చోబెట్టాను. కంకర రోడ్డు మీద కారు ఈడ్చుకుంటూ వెళ్ళింది. పాత గేర్లతో అయితే ఎండెక్కకముందే రేవు చేరేవాళ్ళం. చేరేసరికి సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. దారి పొడవునా కారును తిడుతూనే ఉన్నాను. బల్లకట్టు మీద ఏటి గాలి తగిలాక ఆవిడ కాస్త తేరుకుంది. అవతలి కట్ట మీద అత్తగారు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు.

"అదిగో, అమ్మ," అంది.

అవతలి రేవులో జనం కారును తొయ్యడానికి వచ్చారు. అక్కర్లేదని అరిచి మొదటి గేరు వేశాను. కారు మూలిగింది గానీ ఆగలేదు. చక్రాలు ఒండ్రులో కూరుకున్నట్టే కూరుకుని, మళ్ళీ పట్టు దొరికించుకుని అంగుళం అంగుళం పైకి వెళ్ళాయి. నా ధ్యాసంతా ఆ ఇరుసు మీదే. కట్ట మీదికి చేరి, బ్రేకు వేసి, వెనక్కి తిరక్కుండానే, "చూశావా, ఎక్కింది," అన్నాను. జవాబు లేదు. నేను గొప్పలు పోయినప్పుడల్లా మాట్లాడకుండా ఊరుకోవడం ఆవిడకు అలవాటే.

అత్తగారు వచ్చి వెనక తలుపు తీశారు.

"దార్లో నిద్దరపోయిందా బాబూ?" అన్నారు.

అప్పుడు తిరిగి చూశాను. తల దిండు మీదికి వాలిపోయి ఉంది. అత్తగారు చెంప తట్టారు, చెయ్యి పట్టుకుని చూశారు, ఇంకేమీ అడగలేదు. నాకు మాత్రం అడగడం ఇవాళ్టికీ ఆగలేదు. కారు కట్టెక్కడం చూసిందా, చూడకుండానే వెళ్ళిపోయిందా? ఆ కాస్సేపట్లో ఒక్కసారి వెనక్కి తిరిగితే నా సొమ్మేం పోయింది? పాత గేర్లే ఉంచితే ఎండకు ముందే చేరేవాళ్ళం. చేరి ఏం చేసేవాళ్ళం, కట్ట కిందే ఉండిపోయేవాళ్ళం.

సంగతి తెలిసి ఇంట్లోంచి మగవాళ్ళు మంచం తీసుకొచ్చారు. అత్తగారు చేత్తోనే వాళ్ళను ఆపేశారు. కారెక్కి, కూతుర్ని లేపి కూర్చోబెట్టి, తల తన భుజానికి ఆనించుకున్నారు.

"మంచం మీద రానంది కదా. నెమ్మదిగా పోనీండి బాబూ," అన్నారు.

పొద్దుట్నుంచీ తిట్టిన కారును, కట్ట దిగి గుమ్మం దాకా, ఒక్క మాటా అనకుండా నడిపాను.