నవ్వు అడిగే మనిషి

మా యూనివర్సిటీ లైబ్రరీలో ఒక అటెండరు ఉండేవాడు. మంచి కథకుడు. కానీ అచ్చుకు ఏదీ పంపేవాడు కాదు. తార్నాకలో తమ చర్చివాళ్లు ఎవరు చనిపోయినా, ఆదరణ కూడికలో చదవడానికి వాళ్ల జీవితం ఒక పేజీ రాసేవాడు.

"ఇంత బాగా రాసేవాడివి, చావులకు రాయడమేమిటయ్యా?" అన్నాను.

"దేవుడు ఈ చెయ్యి ఇచ్చింది గిందుకే సార్. మావోళ్ల గురించి ఇంకెవరు రాస్తరు?"

రాసే ముందు అందరినీ ఒకటే అడిగేవాడు. మా ఇంట్లో ఇరవై ఏళ్లు అంట్లు తోమిన ఆమె పోయినప్పుడు నన్నూ అడిగాడు.

"అక్క నవ్వితే ఎట్లుండె సార్?"

భూములన్నీ పోయినా, తాతగారిలా చేతులు వెనక్కి కట్టుకుని, గడ్డం ఎత్తి నడవడం మానని వాణ్ణి నేను. "పనిమనిషి నవ్వు నేనెందుకు చూస్తాను?" అన్నాను. అతను పెన్నుకు మూత పెట్టాడు.

కూడికకు వెళ్లి చివరి బెంచీలో కూర్చున్నాను. అతను చదివాడు: "తనింట్లో ఎవరు దిగులుగా ఉన్నా అక్క చేతులు వెనక్కి కట్టుకుని, గడ్డం ఎత్తి నాలుగడుగులు నడిచేది. అందరికంటే ముందు తనే పడీపడీ నవ్వేది."

చర్చంతా కన్నీళ్లతోనే నవ్వింది. అది ఎవరి నడకో అతను రాయలేదు. నా వైపు చూడనూ లేదు.

కూడిక ముగిసింది. వాళ్ల ముందు నడవడానికి సిగ్గేసి, అందరూ వెళ్లిపోయేదాకా నేను బెంచీ మీద నుంచి లేవలేదు.